మీకు తెలుసా? దావత్‌కు సుషి, అదీ జగిత్యాలలో

సుషికి ప్రాణం చేప కాదు, అన్నం. వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపి చల్లార్చిన అన్నం ఉంటే దాని మీద ఏది పెట్టినా సుషే అవుతుంది: ఉడికించిన రొయ్య, వేయించిన గుడ్డు, కీరదోస ముక్క, ఏదైనా సరే. అన్నం లేకుండా పచ్చిచేప ముక్కలను మాత్రమే వడ్డిస్తే దాన్ని సషిమి అంటారు, అది వేరే వంటకం. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, దావత్ ఖర్చు సగానికి సగం తేలికవుతుంది.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలోనూ సుషి మాట వినిపిస్తోంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ పండక్కి వచ్చిన పిల్లలు అడుగుతారు. దుబాయ్‌లోనో దోహాలోనో హోటల్ వంటగదిలో ఏళ్ల తరబడి పనిచేసి ఇల్లు చేరిన అన్నలు దాని రుచి ఎరుగుదురు. పుట్టినరోజుకో, కొత్త ఉద్యోగం దావత్‌కో తెప్పిద్దామంటే మాత్రం పార్సల్ అనగానే మనకు దొరికేది బిర్యానీ, మండి, ఫ్రైడ్ రైస్. సుషి కావాలంటే చూపు హైదరాబాద్ వైపు పోతుంది. ఆ చూపును కాస్త వెనక్కి తిప్పి మన ఊళ్లోనే ఏముందో చూడాలన్నదే ఈ నెల శీర్షిక ఉద్దేశం.

ఎండలో నాలుగు గంటలు

హైదరాబాద్ నుంచి సిరిసిల్ల దాదాపు 140 కిలోమీటర్లు. జగిత్యాల 190కి అటూ ఇటూ. కోరుట్ల ఇంకా అవతల. కారులో మూడు నుంచి ఐదు గంటల దారి. పచ్చిచేప పెట్టిన సుషిని మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదని, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే ఒక గంటే గడువని ఆహార భద్రత నియమం. మే నెలలో జగిత్యాల 45 డిగ్రీలు చూసే ఊరు. పోనీ ఐసు పెట్టెలో పెట్టి తెద్దామంటే ఇంకో చిక్కు ఉంది. చలికి అన్నంలోని పిండిపదార్థం బిరుసెక్కి మెతుకు రాయిలా తయారవుతుంది. చేపకు చలి కావాలి, అన్నానికి చలి పనికిరాదు. అందుకే పచ్చిచేప సుషి దూరప్రయాణానికి పుట్టిన తిండి కాదు. ఎంత మంచి హోటల్ నుంచి తెచ్చినా కోరుట్ల చేరేసరికి మీరు డబ్బు పెట్టి కొన్న ఆ రుచి ఉండదు.

ఉడికించిన రొయ్యలు, కూరగాయలు, గుడ్డు పెట్టి నాచు ఆకులో చుట్టిన సుషి చుట్టలది మరో సంగతి. వాటిని సగం రోజు ముందు చేసి, తడిగుడ్డ కప్పి, చల్లని చోట ఉంచి వడ్డించడం జపాన్‌లోనూ మామూలే.

అసలు సుషి పుట్టింది వరి మళ్ల దగ్గర

సుషి అనగానే సముద్రం గుర్తొస్తుంది కదా. దాని పాత చరిత్ర మాత్రం మంచినీటి చేపతో మొదలవుతుంది. వరి పండే నేల, వానాకాలంలో పొలాల్లోకి ఎక్కివచ్చే చేపలు, ఎండాకాలానికి వాటిని దాచుకోవాల్సిన అవసరం: ఈ మూడూ కలిసిన మెకాంగ్ నది పరీవాహకంలో, చేపకు ఉప్పు పట్టించి వండిన అన్నంలో పూడ్చి పులియబెట్టే పద్ధతి పుట్టిందని జపాన్ పరిశోధకుడు ఇషిగె నావోమిచి వాదించారు. అన్నం పులిసి ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం చేపను కుళ్లనివ్వదు. తినేటప్పుడు అన్నాన్ని గీకి పారేసి చేపను మాత్రమే తినేవాళ్లు.

ఆ పాత పద్ధతి ఇప్పటికీ బతికి ఉంది. జపాన్‌లోని షిగా రాష్ట్రంలో బివా సరస్సు ఒడ్డున ఫునజుషి చేస్తారు. వాడే చేప మన రవ్వ, బొచ్చె చేపల కుటుంబానిదే. వసంతంలో పట్టి, ఉప్పులో నెలల పాటు ఊరబెట్టి, ఆ తర్వాత అన్నంతో పొరలు పొరలుగా చెక్క తొట్టిలో అదిమి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉంచుతారు. వాసన ఘాటుగా ఉంటుంది, కొత్తవాళ్లు మొదటిసారి నోట పెట్టలేరు. కానీ ఆ ప్రాంతం వాళ్లకు పండగ తిండి అదే. 8వ శతాబ్దపు జపాన్ చట్టాల్లో సుషిని పన్నుగా కట్టే వస్తువుల్లో చేర్చారంటే, అది ఎంత కాలం నిలవ ఉండేదో ఊహించుకోవచ్చు.

చెరువులూ వరి పొలాలూ ఉన్న మన నేల వాళ్లకు ఈ కథ కొత్తగా తోచకపోవచ్చు. మానేరు మీద శ్రీ రాజరాజేశ్వర జలాశయం నిండాక సిరిసిల్ల జిల్లాలో చేప పుష్కలంగా దొరుకుతోంది. ధర్మపురి దగ్గర గోదావరి చేప ఉండనే ఉంది. ఇంత చేప కళ్లెదుట ఉన్నప్పుడు సుషికి ఇదే వాడేస్తే పోదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. అక్కడే ఆగాలి.

కొర్రమట్టను పచ్చిగా తినొద్దు

ఈ శీర్షికలో మిగతావన్నీ మరిచిపోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి. చెరువు చేప, నది చేప, జలాశయం చేప, ఏదైనా సరే పచ్చిగా తినకూడదు.

థాయ్‌లాండ్ ఈశాన్యాన, అదే మెకాంగ్ నది నేలలో, కోయి ప్లా అనే వంటకం ఉంది. చిన్న మంచినీటి చేపలను సన్నగా నరికి నిమ్మరసం, కారం కలిపి పచ్చిగా తింటారు. నిమ్మరసం తగిలి మాంసం తెల్లబడుతుంది కాబట్టి ఉడికినట్టు కనిపిస్తుంది. లోపల ఉన్న కాలేయపు పురుగు పిల్లలు మాత్రం చావవు. ఆ పురుగు పిత్తనాళాల్లో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. పిత్తనాళ క్యాన్సర్ ప్రపంచంలోనే అత్యధికంగా కనిపించే ప్రాంతాల్లో అక్కడి ఖోన్ కెన్ చుట్టుపక్కల పల్లెలు ఉన్నాయి. ఆ పురుగును 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి తరగతిలో చేర్చింది. పల్లెపల్లెకూ వైద్యులు తిరిగి, పచ్చిచేప మానమని దశాబ్దాలుగా బతిమాలుతున్నా అలవాటు పూర్తిగా పోలేదు.

ఇక మన కొర్రమట్ట. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. కూరకు, పులుసుకు సాటిలేనిది. కానీ దీని జాతి చేపలను పచ్చిగా తిన్న చోట, జపాన్‌లోనూ థాయ్‌లాండ్‌లోనూ, నాథోస్టోమా అనే పురుగు మనుషులకు సోకిన చరిత్ర ఉంది. దాని పిల్ల చర్మం కింద పాకుతూ తిరుగుతుంది. ఒక్కోసారి కంటికి, మెదడుకు కూడా చేరుతుంది. కొర్రమట్ట తాజాగా ఉందా, తొట్టిలో ఈదుతోందా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. బతికున్న చేపలోనే పురుగు కూడా బతికి ఉంటుంది.

మరి జపాన్ వాళ్లు పచ్చిగా తింటున్నారు కదా అంటారు. వాళ్లు తినేది ఎక్కువగా సముద్రపు చేప. దానిలోనూ పురుగులు ఉంటాయి కాబట్టే గడ్డకట్టించే నియమం వచ్చింది. అమెరికా ఆహార సంస్థ లెక్క ప్రకారం మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు, లేదా మైనస్ 35 డిగ్రీలలో గడ్డకట్టించి అదే చలిలో 15 గంటలు ఉంచాలి. మన ఇంటి ఫ్రిజ్ పైఅర మైనస్ 18 దగ్గర ఉంటేనే గొప్ప, కరెంటు పోయిన ప్రతిసారీ ఆ చలీ తగ్గుతుంది. పైగా గడ్డకట్టించడం పురుగులను చంపుతుంది, సూక్ష్మక్రిములను చంపదు. అందుకని మన ఊళ్లో ఎవరైనా స్థానిక చేపతో పచ్చి సుషి చేసిస్తామంటే ఆర్డర్ ఇవ్వకండి. గర్భిణులు, ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉన్న దావత్ అయితే ఎక్కడి పచ్చిచేపా వద్దు.

పార్సల్ తిండిగానే పెరిగింది

పచ్చిచేప లేకపోతే అది అసలైన సుషి ఎలా అవుతుందని అడిగేవాళ్లకు ఎదో నగరం కథ చెప్పాలి. ఇప్పటి టోక్యో పాత పేరు ఎదో. అక్కడ 1820ల నాటికి వేళ్లతో నొక్కి చేసే నిగిరి సుషి వాడుకలోకి వచ్చింది. దాన్ని జనంలోకి తెచ్చినవాడిగా హనయ యోహెయ్ పేరు చెబుతారు. అది వీధి బండి తిండి. కూలీలు, దుకాణదారులు, స్నానశాల నుంచి ఇంటికి పోయేవాళ్లు బండి దగ్గర నిలబడి రెండు ముద్దలు నోట్లో వేసుకుని పోయేవాళ్లు. అప్పటి ముద్ద ఇప్పటి దానికి రెండింతలకు పైగా ఉండేది, దాదాపు భోజనం కిందే లెక్క.

ఆ రోజుల్లో ఐసు లేదు. అందుకే బండి మీద పెట్టిన చేపను ఉప్పులోనో వెనిగర్‌లోనో ఊరబెట్టేవాళ్లు, ట్యూనాను సోయా సాస్‌లో నానబెట్టేవాళ్లు, రొయ్యను ఉడికించేవాళ్లు, పాములాంటి సముద్రపు చేపను తీయని పులుసులో మగ్గించేవాళ్లు. ఇప్పుడు మనం సినిమాల్లో చూసే మెరిసే పచ్చిముక్కలకు దారి వేసింది ఆ తర్వాత వచ్చిన శీతల యంత్రాలే. కాబట్టి ఉడికించిన రొయ్యతో సుషి పెట్టారని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. యోహెయ్ కాలం వాళ్లు చూస్తే దాన్నే తమదిగా గుర్తుపడతారు.

సాల్మన్ సుషి అయితే మరీ నిన్నటిది. పసిఫిక్ సాల్మన్‌లో పురుగులు ఉంటాయని జపాన్ వాళ్లు దాన్ని పచ్చిగా ముట్టేవాళ్లు కాదు. నార్వే తన తీరంలో సముద్రపు వలబోనుల్లో పెంచిన సాల్మన్‌ను అమ్ముకోవడానికి 1980ల మధ్యలో పనిగట్టుకుని ప్రచారం చేశాకే అది సుషి పళ్లెంలోకి ఎక్కింది.

పొలాస పరిశోధనకూ సుషికీ ఏమిటి సంబంధం?

జగిత్యాల పక్కనే పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. జేజీఎల్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరి రకాలన్నీ అక్కడివే. జగిత్యాల సన్నాలు, జగిత్యాల మసూరి, మానేరు సోన, బతుకమ్మ వంటి పేర్లు రైతులకు ఇంటి పేర్లంత పరిచయం. ఇవన్నీ ఎక్కువగా మనం కోరుకునే గుణం వైపే తీర్చిన రకాలు: అన్నం పొడిపొడిగా, మెతుకు మెతుకూ విడిగా ఉండాలి.

సుషికి కావలసింది దీనికి సరిగ్గా ఎదురు. మెతుకులు ఒకదాన్నొకటి పట్టుకోవాలి, నలిగి ముద్ద కాకూడదు. ఈ తేడా బియ్యంలోని అమైలోస్ అనే పిండిపదార్థం వల్ల వస్తుంది. అది ఎక్కువుంటే అన్నం విడివిడిగా, తక్కువుంటే జిగటగా వస్తుంది. జపాన్ పొట్టి బియ్యంలో అది 20 శాతానికి లోపే. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరిలో అంతకంటే ఎక్కువ, 25 శాతానికి దగ్గరగా ఉంటుంది.

అయినా మనకు ఒక దారి ఉంది. కొత్త బియ్యం ముద్దవుతుందని మన ఇళ్లలో పాత బియ్యం కోసం వెతుకుతారు కదా. సుషి వండేటప్పుడు ఆ కొత్త బియ్యమే కావాలి. వానాకాలం కోతలయ్యాక వచ్చే బియ్యం, యాసంగి కోతలయ్యాక వచ్చే బియ్యం, రెండూ మొదటి వారాల్లో జిగటగా ఉంటాయి. ఆ బియ్యంతో గిన్నెలో పరిచే చిరాషి సుషి, చేత్తో చుట్టుకునే తెమకి సుషి బాగా కుదురుతాయి. వేళ్లతో నొక్కే నిగిరికీ, కత్తితో ముక్కలు కోసే చుట్టలకూ మాత్రం పొట్టి బియ్యమే నయం. అది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కిలో ధర సన్నబియ్యానికి చాలా రెట్లు ఉంటుంది, కానీ ఇరవై మందికి కిలోన్నర చాలు. బాస్మతి, ఉప్పుడు బియ్యం మాత్రం వాడొద్దు. వాటిని ఎంత మెత్తగా వండినా మెతుకులు పట్టుకోవు, చుట్ట కోయగానే విడిపోతుంది.

వండే తీరు కష్టమేమీ కాదు. బియ్యాన్ని కడుగు తేటబడేదాకా కడిగి అరగంట నానబెట్టాలి. మామూలు అన్నం కంటే కాస్త తక్కువ నీళ్లతో, మూత తీయకుండా వండాలి. కిలో బియ్యానికి దాదాపు 150 మిల్లీలీటర్ల వెనిగర్, 60 గ్రాముల చక్కెర, 20 గ్రాముల ఉప్పు కరిగించి పెట్టుకుని, అన్నం వేడిగా ఉండగానే వెడల్పాటి పళ్లెంలో వేసి ఈ నీళ్లు చల్లుతూ చెక్క గరిటెతో కోసినట్టుగా కలపాలి, పిసకకూడదు. పక్కన ఒకరు విసనకర్రతో విసరాలి. అప్పుడు మెతుకు మీది తడి ఆరి అన్నం నిగనిగలాడుతుంది.

కొండగట్టుకో ధర్మపురికో పోయేవాళ్లు పులిహోర మూట ఎందుకు కట్టుకుంటారో సుషి అన్నంలో వెనిగర్ కూడా అందుకే: పులుపు అన్నాన్ని కాపాడుతుంది. అన్నాన్ని వండి వదిలేస్తే అందులో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మక్రిమి పెరిగి వాంతులు తెప్పిస్తుంది. ఆమ్లగుణాన్ని కొలిచే పీహెచ్ 4.6కు దిగితే అది పెరగడం కష్టం. అందుకని వెనిగర్ ఎక్కువైందేమోనని సగానికి తగ్గించకండి. మన కిరాణా కొట్లలో దొరికే చవక సింథటిక్ వెనిగర్ పులుపు ఇస్తుంది, రుచి ఇవ్వదు, గొంతులో గుచ్చుకుంటుంది. ఖర్చు పెట్టదలిస్తే చేప మీద కాకుండా ఒక సీసా బియ్యపు వెనిగర్ మీద పెట్టండి. పళ్లెంలో తేడా తెలిసేది అక్కడే.

నోరికి ఒక ఇంగ్లండ్ ఆమె రుణం

సుషి చుట్టే నల్లటి ఆకు సముద్రపు నాచు. పేరు నోరి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ తీరంలో నోరి పంట దాదాపు నాశనమైంది. దాన్ని ఎలా మళ్లీ నాటాలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ నాచు విత్తు ఎండాకాలంలో ఎక్కడికి పోతుందో ఎవరూ కనిపెట్టలేదు. జపాన్‌కు ఎన్నడూ వెళ్లని ఒక మాంచెస్టర్ శాస్త్రవేత్త, కాత్లీన్ డ్రూ బేకర్, ఆ ముడి విప్పింది. తమ తీరంలోని నాచు గవ్వచిప్పల్లో సన్నని పోగులా దాక్కుని వేసవి గడుపుతుందని ఆమె గమనించి 1949లో నేచర్ పత్రికలో రాసింది. జపాన్ శాస్త్రవేత్తలు అది చదివి, గవ్వచిప్పల మీద నోరి విత్తు పెంచి వలల మీద నాటే సేద్యం మొదలుపెట్టారు. ఇవాళ ప్రపంచమంతా చవకగా దొరికే నోరి ఆ సేద్యం ఫలమే. పెళ్లయిన ఆడవాళ్లకు ఉద్యోగం ఇవ్వని రోజుల్లో ఆమె జీతం లేకుండానే ఆ పరిశోధన చేసింది. కుమమోతో రాష్ట్రంలోని ఉతో పట్టణంలో 1963లో ఆమెకు స్మారకం కట్టారు. ఏటా ఏప్రిల్ 14న నోరి రైతులు అక్కడ చేరి ఆమెను సముద్రమాతగా కొలుస్తారు. ఆమె పేరు మన బడి పుస్తకాల్లోకీ రావాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నోరి ఎండు సరుకు, తేలిక. కొరియర్‌లో ఏ ఊరికైనా చెడకుండా వస్తుంది. కొనేటప్పుడు ముదురు రంగు, మెరుపు చూడండి. ఆకుపచ్చగా వెలిసిపోయినది పాతబడింది.

సొరకాయ సుషి

ఎదో కాలపు నోరి చుట్టలో అసలు పెట్టేది ఏమిటో తెలుసా? ఎండబెట్టిన సొరకాయ! మన అనిగెపుకాయ జాతిదే. గుజ్జును పొడవాటి రిబ్బన్ల మాదిరి తీసి ఎండలో వేలాడదీసి ఎండబెడతారు, పేరు కంప్యో. జపాన్‌లో పండే కంప్యో దాదాపు అంతా తోచిగి రాష్ట్రానిదే. నానబెట్టి, సోయా సాస్, చక్కెరలో మగ్గబెట్టి అన్నంలో పెట్టి చుడతారు. టోక్యో పాత సుషి దుకాణాల్లో భోజనం చివర ఇప్పటికీ ఇదే అడిగి తినేవాళ్లు ఉన్నారు. జగిత్యాల ఎండకు సొరకాయ రిబ్బన్లు ఎండాలంటే రెండు రోజులు ఎక్కువ. ఒడియాలు పెట్టే ఓపిక ఉన్న ఇంట్లో ఇది పెద్ద పనేమీ కాదు, శాకాహార దావత్‌కు ఇంతకంటే అసలైన సుషి ఇంకొకటి లేదు.

కీరదోస చుట్ట ఇంకా సులువు. గుడ్డు ఇంకా చవక: గుడ్లు గిలక్కొట్టి కాస్త చక్కెర, సోయా సాస్ కలిపి పెనం మీద పల్చగా పోసి, మడతలు మడతలుగా చుట్టి దిమ్మెలా చేస్తారు. ఆ దిమ్మె రుచి చూసి వంటవాడి పనితనం అంచనా వేసేవాళ్లు జపాన్‌లో ఉన్నారు.

రొయ్యల మాటకొస్తే మన తెలుగు నేలకు మించిన చోటు దొరకదు. భీమవరం చుట్టుపక్కల చెరువుల రొయ్య అమెరికాకు, చైనాకు, జపాన్‌కు పోతోంది. గడ్డకట్టించి ప్యాకెట్లో అమ్మే రొయ్యను కొని, పుల్లకు నిలువుగా గుచ్చి రెండు మూడు నిమిషాలు ఉడికించి, పొట్ట వైపు చీల్చి పరిస్తే సుషి దుకాణంలో కనిపించే ఆకారమే వస్తుంది. పుల్ల గుచ్చకపోతే రొయ్య వంకర తిరుగుతుంది. క్రాబ్ స్టిక్ అని ఎర్రరంగు పూసి అమ్మే కడ్డీల్లో మామూలుగా పీత ఉండదు. తెల్లని చేప మాంసాన్ని కడిగి రుబ్బి, పిండి, గుడ్డు తెల్లసొన కలిపి చేస్తారు. గుడ్డు తినని అతిథులకు ఆ మాట ముందే చెప్పాలి.

అవకాడో వాడకం అమెరికాలో, లాస్ ఏంజిలిస్ జపాన్ వంటవాళ్ల దగ్గర మొదలైందని ఎక్కువమంది చెబుతారు. మన దగ్గర అది ఖరీదు. లేకపోయినా లోటు లేదు.

నువ్వులు మరిచిపోవద్దు. పొలాస కేంద్రం వరితో పాటు నువ్వు రకాలనూ విడుదల చేసింది, యాసంగిలో జగిత్యాల పొలాల్లో నువ్వు విరివిగా వేస్తారు. దోరగా వేయించి అన్నం మీద చల్లితే చాలు.

ఇరవై మందికి లెక్క

జపాన్ ఇళ్లలో దావత్‌కు నిగిరి చేయరు. అది దుకాణంలో ఏళ్ల తరబడి నేర్చిన చేతులు చేసే పని. ఇళ్లలో చేసేది తెమకి. మధ్యలో పెద్ద గిన్నెలో అన్నం, చుట్టూ పళ్లేల్లో రొయ్యలు, గుడ్డు, కీర, సొర, ఒక పక్క సగానికి కోసిన నోరి. ఎవరికి కావలసింది వాళ్లు పెట్టుకుని పొట్లంలా చుట్టుకుని తింటారు. మార్చి 3న ఆడపిల్లల పండగకు అన్నం పరిచి పైన రంగురంగులుగా సర్దే చిరాషి చేస్తారు. ఈ రెండూ మన ఇళ్లకు ఇట్టే సరిపోతాయి. శాకాహారులు, మాంసాహారులు ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు.

కోసిన చుట్టలే కావాలంటే లెక్క ఇలా. నిండు నోరి ఆకు ఒకటికి వండిన అన్నం 200 గ్రాములు, ఒక చుట్టకు ఎనిమిది ముక్కలు. భోజనం వేరే ఉండి సుషి నాలుక రుచికే అయితే మనిషికి ఆరు ముక్కలు. ఇరవై మందికి 120 ముక్కలు, 15 చుట్టలు, మూడు కిలోల అన్నం. అంత అన్నానికి బియ్యం కిలోన్నరకు మించదు. చుట్టడానికి వెదురు చాప కావాలి. దాన్ని విడిగా తెప్పించనక్కర్లేదు, మేదరివాళ్లకు కొలత చెబితే జానెడు చాప సన్నని పుల్లలతో దారం వేసి అల్లిస్తారు. మీద ప్లాస్టిక్ కాగితం చుడితే అన్నం అంటదు. కత్తిని ప్రతి కోతకూ తడిగుడ్డతో తుడవాలి, అప్పుడే ముక్క అంచు చెదరదు.

సుషిని చవక చేయాలన్న తపన జపాన్‌లోనూ పాతదే. యోషియాకి షిరాయిషి అనే దుకాణదారు బీరు కర్మాగారంలో సీసాలు కదిలే పట్టీని చూసి, 1958లో ఒసాకా పక్కన తన దుకాణంలో సుషి పళ్లేలను అలాంటి పట్టీ మీద తిప్పాడు. వడ్డించేవాళ్ల ఖర్చు తగ్గి ధర దిగింది. 1981 నాటికి ముద్దలు చేసే యంత్రం కూడా వచ్చింది.

పార్సల్ తెప్పించేవాళ్లకు

హైదరాబాద్ నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించక తప్పదంటే, కూరగాయల చుట్టలు, ఉడికించిన రొయ్య, టెంపురా లేని రకాలు అడగండి. టెంపురా, అంటే పిండిలో ముంచి నూనెలో వేయించినది, దారిలో మెత్తబడి నూనె వాసన వేస్తుంది. సాస్ విడిగా కట్టమనండి. ఊళ్లోనే ఇంటి నుంచి కేకులు, స్నాక్స్ ఆర్డర్ మీద చేసిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. గల్ఫ్ హోటళ్లలో పనిచేసి వచ్చిన వంటవాళ్లూ ఉన్నారు. వాళ్లకు బియ్యం, వెనిగర్, నోరి మీరే ఇచ్చి పై లెక్క చెబితే నగరం ధరలో చిన్న భాగానికే పని అవుతుంది. డబ్బు తీసుకుని తిండి అమ్మేవాళ్ల దగ్గర ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు ఉండాలి, అడగడానికి మొహమాటపడకండి. ఎన్నింటికి చేశారు, దేనితో చేశారు అన్న రెండు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లకే ఆర్డర్ ఇవ్వండి.

ఆకుపచ్చ ఘాటు

పళ్లెం పక్కన పెట్టే ఆకుపచ్చ వసాబి చాలా చోట్ల అసలు వసాబి కాదు. గుర్రపు ముల్లంగి, ఆవపొడి కలిపి రంగు వేసింది. అసలు దుంప ఖరీదైనది, తురిమిన పావుగంటకే ఘాటు ఎగిరిపోతుంది. రెండింటిలోనూ ముక్కు అదిరించేది అల్లైల్ ఐసోథయోసైనేట్ అనే ఒకే పదార్థం. ఆవకాయలో ఆవపిండికి ఆ ఘాటునిచ్చేదీ అదే. మిరపకారం నాలుక మీద నిలుస్తుంది, ఇది ఆవిరై ముక్కులోకి ఎక్కి నిమిషంలో దిగిపోతుంది. కారం బాగా తినే మన పెద్దవాళ్లు చట్నీ అనుకుని చెంచాడు తీసుకునే ప్రమాదం ఉంది కాబట్టి గిన్నెలో పెట్టకండి. ప్రతి పళ్లెంలో శనగగింజంత మీ చేత్తోనే పెట్టండి, పిల్లల పళ్లెంలో అసలు వద్దు.